మూడో అంతస్తు కాగితం

"ఆరో నంబరు హాలు ఎక్కడ బాబూ?"

కర్ర పట్టుకున్న పెద్దాయన ఆయాసపడుతూ అడిగాడు.

టెంపో డ్రైవరు కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో మూడు నెలల పాప. సరిగ్గా అతని తల వెనకాలే గోడకి ఆరో నంబరు బోర్డుంది.

డ్రైవరు తల పక్కకి జరపలేదు. పైగా ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. బోర్డు మాయం.

ఎవరైనా అమాయకంగా దారి అడిగితే చాలు, అతనికి నాలుక దురద. సొంత మామగారు బాత్రూమెక్కడ అంటే స్టోరు రూములోకి పంపి గడియపెట్టిన ఘనుడు.

"ఏం పని తాతా?"

"ఒక కుర్రాడి బెయిలు గురించి..."

"ఇక్కడందరం బెయిలు గాళ్ళమే. ఈ దోమలు కూడా బెయిలు మీదే తిరుగుతున్నాయి."

బెంచీ మీదవాళ్ళు గొల్లున నవ్వారు.

నిజానికి డ్రైవరు వచ్చిన పనీ అదే. కర్రల మిల్లు గొడవలో ఒకాయన్ని ఇనప రాడ్డుతో కొట్టాడని అతని తమ్ముడికి కింది కోర్టు మూడేళ్ళేసింది. పై కోర్టులో అప్పీలు వేశారు. అది ఎప్పటికి తేలుతుందో దేవుడికే ఎరుక. తేలేదాకా బెయిలివ్వండి మహాప్రభో అని పిటిషను. ఇవాళ తప్పితే కోర్టుకి నెలన్నర సెలవులు.

ఆర్నెల్లుగా తమ్ముడు లోపలే. ఈ పాప అతని కూతురే, పుట్టిందీ చూడలేదు.

డ్రైవరుకి తమ్ముడంటే ప్రాణమే. కానీ కేసు నడిచినన్నాళ్ళూ ట్రిప్పులంటూ ఒక్క వాయిదాకీ రాలేదు. ఇదే రావడం. మరదలు వకీలుతో లోపలుంది. పాప ఏడిస్తే బంట్రోతు బయటికి పొమ్మన్నాడు. అలా ఆయాపని ఇతనికి తగిలింది.

పెద్దాయన పాప వైపు వంగాడు.

"బంగారంలా ఉంది. ఎవరి బిడ్డ బాబూ?"

"జడ్జిగారి మనవరాలు. ముట్టుకుంటే మూడు నెలలు."

పెద్దాయన చాపిన చెయ్యి గబుక్కున లాక్కున్నాడు. ఆ చేత్తోనే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"కళ్ళజోడు బస్సులో పోయింది. కాస్త ఇది చదివి, ఎక్కడికెళ్ళాలో చెప్పు నాయనా. మళ్ళీ రావడం నావల్ల కాదు. మా ఓనరు ఊళ్ళో లేడని ఇవాళ ఒక్కరోజు తప్పించుకొచ్చాను."

డ్రైవరు కాగితం తీసుకున్నాడు. మడత విప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇది మూడో అంతస్తు కాగితం తాతా."

"వాసనతో తెలిసిపోతుందా!"

"అలవాటైపోయింది. మెట్లెక్కి కుడిచేతి వైపు, చివరాఖరి గది."

"లిఫ్టు లేదా బాబూ?"

"దానికీ బెయిలు దొరకలేదు. తాళమేసి ఉంచారు."

"చల్లగా ఉండు నాయనా," అని పెద్దాయన మెట్లవైపు నడిచాడు. ఒక్కో మెట్టుకీ ముందు కర్ర, తర్వాత కుడికాలు, తర్వాత చేత్తో పట్టి లాక్కున్నట్టు ఎడంకాలు.

"పాపం, ఏంటయ్యా ఆ ఆటలు?" అంది పక్కనున్న పెద్దామె.

"వ్యాయామం పిన్నీ. దిగొచ్చాక అన్నం బాగా సయిస్తుంది."

అంతలో బంట్రోతు తలుపు తీసి తమ్ముడి కేసు నంబరు చదివాడు.

"ఫిర్యాదుదారు ఉన్నాడా? ఫిర్యాదుదారూ! ఫిర్యాదుదారూ!"

"ఎందుకొస్తాడన్నా? మావాడి మెళ్ళో దండెయ్యడానికా?" అన్నాడు డ్రైవరు.

బంట్రోతు నవ్వలేదు. తలుపేసుకున్నాడు.

పది నిమిషాలకి మరదలు బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది.

"కొట్టేశారు బావగారూ."

"ఏమన్నాడమ్మా జడ్జి?"

"వదిలిపెడితే దెబ్బలు తిన్నాయన్ని బెదిరించడని నమ్మకమేంటి అన్నారు. ఆయనొచ్చి నాకేం భయం లేదని ఒక్క మాట చెబితే ఇప్పుడే ఇస్తానన్నారు. మూడుసార్లు పిలిపించారు కూడా."

"వాడొస్తాడా! మనం ఏడుస్తుంటే ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చునుంటాడు."

అదే ఆఖరి కేసు. వెనకాల బంట్రోతు హాలుకి తాళమేశాడు. ఇంక నెలన్నర దాకా అది తెరుచుకోదు.

మెట్లమీద కర్ర చప్పుడైంది.

పెద్దాయన దిగొస్తున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"పైన అన్నీ విరిగిన కుర్చీలే బాబూ. నేనే ఏదో తప్పు విన్నట్టున్నాను. మళ్ళొకసారి చెప్పు."

డ్రైవరు నోరు విప్పేలోపే మరదలు గభాల్న లేచి నిలబడింది. ఆమె ప్రతి వాయిదాకీ వచ్చిన మనిషి. సాక్షి బోనులో ఈ మొహాన్ని ఎన్నిసార్లు చూసిందో.

పెద్దాయన కళ్ళు చికిలించి ఆమె దగ్గరకొచ్చాడు.

"నువ్వా తల్లీ! మీ కోసమే వచ్చాను. నీ మొగుడి హాలేదో చూపించమ్మా. జడ్జిగారికి ఇది ఇవ్వాలి."

కాగితం చాపాడు. ఆమెకి చెయ్యి రాలేదు.

డ్రైవరే అందుకున్నాడు. ఈసారి మడత విప్పి చదివాడు.

"అయ్యా, ఆ రోజు నా కాలు విరగ్గొట్టింది మా మిల్లు ఓనరు కొడుకు, నన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది మీరు జైల్లో పెట్టిన అబ్బాయి."