కొబ్బరికాయకు తెరుచుకునే సర్వర్

రాజాంలో మా కాలేజీ యూనిక్స్ సర్వర్‌కి సర్వాధికారాలున్న ఎకౌంట్లు రెండుండేవి. ఒకటి సిస్టమ్ అడ్మిన్‌గా నేను వాడే రూట్. రెండోది, ఎప్పుడో ఎవరో అత్యవసరానికని రూట్ పేరునే తిరగేసి ఉంచిన టూర్. విశాఖలో రెండ్రోజులు సెక్యూరిటీ ట్రైనింగ్ పొంది వచ్చిన నా కంటికి ఆ రెండోది దొంగల దొడ్డిదారిలా కనిపించింది.

"ఉండనీండి సార్, అక్కరకొస్తాది," అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్ కృపానిధి.

"2014లో ఉన్నామయ్యా!" అని దాన్ని తీసిపారేశాను. అదే ఊపులో రూట్‌కి ఇరవై అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. భోజనం చేసి వచ్చేసరికి అందులో నాకు గుర్తున్నవి మూడు.

అయినా కంగారు పడలేదు. ఇలా కొత్తది పెట్టి మర్చిపోవడం ఐదోసారి. మర్చిపోయిన ప్రతిసారీ రామతీర్థం కొండ మీది రాముడి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టేవాణ్ణి. మర్నాడు వచ్చి చూస్తే, మా ఆవిడ పేరుతో ఉన్న పాత పాస్‌వర్డే మళ్లీ పనిచేసేది. ఈ మహిమ గురించి స్టాఫ్ రూమ్‌లో నేను చెప్పని రోజు లేదు.

"కొండకెళ్లొస్తా కృపానిధీ. రేపటికి అదే తెరుచుకుంటుంది," అన్నాను జేబులోంచి బండి తాళం తీస్తూ.

అతను స్క్రీన్ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

"మీరు కొండకెల్లినప్పుడల్లా నాను ఆ రెండో ఎకౌంట్లోంచి ఎల్లి, మీ పాతది ఎట్టీసీవోణ్ణి సార్. పొద్దున దాన్ని తీసీసారు గదేటి."

తాళం మళ్లీ జేబులో వేసుకుని కుర్చీలో కూర్చున్నాను.

"ఎల్లండి సార్," అన్నాడు జాలిగా. "ఈసారి నిజంగా రాముడే సూసుకోవాల."