చెవినొప్పి

మైపాడు దగ్గర, సముద్రం అడుగున పరిచిన తాడు వెంట మహాలక్ష్మి గవ్వలు లెక్కపెడుతోంది. యూనివర్సిటీ డైవర్ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ పోతే పరిశోధన సీటు దక్కదు.

జోడీగా దిగిన మస్తాన్ ఆమె భుజం తట్టాడు. చెవి పట్టుకుని, పైకి పోదామని సైగ చేశాడు. జోడీని వదిలి ఒక్కడే పోకూడదు.

ఇంకా రెండు మీటర్ల తాడు మిగిలింది. దేవుడా, రెండే! ఆమె చూడనట్టు ముఖం తిప్పుకుంది. అతను మళ్ళీ తట్టాడు. లెక్క ముగించాకే పైకొచ్చింది.

పడవలో పరీక్ష పెట్టే సార్ ఆమె లెక్క రాసిన పలక చూశారు. "లెక్క సరిగ్గానే ఉందమ్మా," అన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు.

మహాలక్ష్మి మస్తాన్ వైపు తిరిగింది. "మస్తానూ, చెవి ఎట్టుంది?"

"నాకు నొప్పేం లేదక్కా." అతను తల దించుకున్నాడు. "సారే అట్ట చెయ్యమన్నారు. నీకు పరీక్ష అదే."