కింది అంచు

"తాతా, అద్దం మీద చెయ్యి పెట్టకండి. మరకలు పడతాయి."

బిబిగుల్ టీచరు ఆ మాట అనడం అది మూడోసారి.

ముసలాయన చెయ్యి తీశాడు. ముక్కు మాత్రం అద్దానికి ఆనించే ఉంచాడు.

అది బడిలో ఒక గది. ఊరికి సముద్రం ఉన్న రోజుల నాటి ఫోటోలు అందులో పెట్టింది బిబిగుల్. ఇప్పుడు సముద్రం లేదు, ఇసుకే. పడవలు ఆ ఇసుకలోనే ఒక పక్కకి ఒరిగి తుప్పు పడుతున్నాయి. ఊళ్లో పిల్లలు చేపంటే డబ్బాలో పుడుతుందనుకుంటున్నారు. ఆ కడుపుమంటతోనే ఆమె ఇల్లిల్లూ తిరిగి, జనం పెట్టెల అడుగున దాచుకున్న ఫోటోలు నలభై మూడు పోగుచేసింది. మూతపడ్డ చేపల ఫ్యాక్టరీ కిటికీల అద్దాలు ఊడదీయించి వాటితో పటాలు కట్టించింది.

తెల్లారితే ప్రారంభం. ఇంకా బోలెడు పని ఉంది. ఈయనేమో పొద్దున బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు.

ఎవరని ఆమె అడగలేదు. వచ్చినవాళ్లు టీ తాగకముందే పేరు అడగడం ఆ ఊళ్లో మర్యాద కాదు. టీ నీళ్లు కాచే సమోవార్ ఇంకా మరగలేదు.

వింతేమిటంటే, ఆయన మనుషులను చూడటం లేదు. వలలు లాగే మగవాళ్లను, చేపలు కోసే ఆడవాళ్లను వదిలేసి, ప్రతి ఫోటోకీ కింది అంచే చూస్తున్నాడు. నలభై మూడూ అలాగే చూశాడు.

"వీటికి కింద ఇంకాస్త ఉండాలి కదమ్మా?" అన్నాడు చివరికి.

బిబిగుల్ నవ్వింది. అద్దాలన్నీ ఒకే కొలతవని, ఫోటోలు పట్టలేదని చెప్పింది. పోయింది కూడా ఏమీ లేదంది. ప్రతిదాంట్లోనూ కింద ఎవడిదో టోపీ నీడ, పక్కన సంచో ఏమో ఇంకాస్త నలుపు. ఎవరి కాలూ తెగకుండా ఆ మేరకే కత్తిరించింది.

"తీసినవాడెవడో గానీ తాతా, తన నీడ పడకుండా తియ్యడం కూడా చేతకాలేదు. ఒకటా రెండా, అన్నిట్లోనూ అదే."

"అవునమ్మా," అన్నాడు ముసలాయన. "పనితనం లేనివాడు."

మళ్లీ అడిగాడు.

"ఆ ముక్కలు ఉన్నాయా?"

"పొయ్యి రాజేశాను. భలే అంటుకున్నాయిలెండి."

టీ కాగుతోంది, కూర్చోమంది బిబిగుల్. బస్సు తిరిగి వెళ్లే వేళయిందన్నాడాయన. రొట్టె ముట్టకుండా గడప దాటకూడదు కాబట్టి, చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

చాదస్తం మనిషి అనుకుంది బిబిగుల్. అద్దాల మీద ఆయన వేలిముద్రలన్నీ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది.

మంచు కరిగాక ఉల్జాన్ అవ్వ ఊరికి తిరిగొచ్చింది. చలికాలమంతా పట్నంలో కూతురి దగ్గర ఉంది. గుడ్డలో చుట్టిన ఫోటో ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. అందరివీ పెట్టి తనది వదిలేస్తే ఊరుకుంటానా అంది.

అందులో పద్దెనిమిదేళ్ల ఉల్జాన్, తన చెయ్యంత చేప పట్టుకుని పకపకా నవ్వుతోంది.

తర్వాత అవ్వ గోడల వైపు తిరిగింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"వీటి కింది ముక్కలు ఏవే?"

బిబిగుల్ చెప్పింది.

ఇవన్నీ తీసింది ఒరింబాయ్ అని, ఊళ్లో కెమెరా ఉన్నది ఆయనొక్కడికేనని చెప్పింది అవ్వ. ఈ చలికాలంలోనే పట్నంలో పోయాడట. ఏడోనాటి భోజనానికి తనూ వెళ్లొచ్చింది. పోయేముందు ఒక్కసారి ఊరికి వెళ్లి ఫోటోలు చూసుకొస్తానని పట్టుబట్టి బయల్దేరాడట, తిరిగొచ్చాక మంచం దిగలేదట.

బిబిగుల్‌కు ఆ రోజు ఆయన ముఖం మీదే తను అన్న మాట గుర్తొచ్చింది.

"నీడ పడకుండా తియ్యడం రాదని ఎగతాళి చేశానవ్వా."

"రాకపోవడమేంటే? పొద్దు వాలేదాకా మమ్మల్ని నిలబెట్టేవాడు. చేపల కంపుకి చస్తున్నాం తియ్యవయ్యా అంటే, ఆగండి, నీడ ఇంకాస్త సాగనివ్వండి అనేవాడు. నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లం."

"ఎందుకలా?"

అవ్వ తలగుడ్డ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ముగ్గురు బిడ్డలు పోయాక ఆయనకొక ఆడపిల్ల పుట్టిందట. ఇదైనా ఉండిపోనీ అని తుర్సిన్ అని పేరు పెట్టుకున్నారు. అలాంటి బిడ్డను ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని తల్లి ఒట్టు వేయించుకుంది. ఊళ్లో పెద్దవాళ్లూ అదే మాటన్నారు. పిల్లేమో తండ్రి కోటు వదిలేది కాదు. ఆరో ఏట జ్వరం వచ్చి రెండు రోజుల్లో పోయింది. ఈ కెమెరా కన్నే తగిలిందంటూ తల్లి ఇంట్లో ఉన్న ఫోటోలూ ఫిల్ములూ అన్నీ పొయ్యిలో పెట్టేసింది. ఆయన దగ్గర ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవి ఊళ్లో వాళ్లకు పంచినవే.

"ఆ పిల్ల ఫోటో?"

"ఒట్టు వేశాడు కదే. ముఖం ఒక్కసారి కూడా తియ్యలేదు."

బిబిగుల్ అవ్వ తెచ్చిన ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

ఇసుక మీద టోపీ నీడ పొడుగ్గా సాగి ఉంది. దాని కోటు అంచు పట్టుకుని, తను సంచి అనుకుని నలభై మూడు సార్లు కత్తిరించేసిన నీడ నిలబడి ఉంది, దానికి రెండు జడలున్నాయి.