కారుకి స్నేహితులుండరు

గున్న అనేవాడు జాకీ రాడ్డుతో మోకాలి మీద ఒక్కటిచ్చాడు. కుర్చీకి కట్టేసిన మనిషి నోట్లో గుడ్డ ఉండబట్టి అరుపు ముక్కులోంచి వచ్చింది. అతని చొక్కా నిండా మైదాపిండి. నుదుటి నుంచి కారిన నెత్తురు దాని మీద పడి ముద్దకడుతోంది.

“ఆగరా, అప్పుడే చంపెయ్యకు,” అన్నాడు మొండిచెయ్యి. “ముందు గ్రామర్ గారిని అడుగుదాం.”

గ్రామర్ గారంటే మెయిన్ రోడ్డు మీద స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ నడిపే మనిషి. శిష్యులు పెట్టిన పేరు అలా స్థిరపడిపోయింది. వీళ్ళిద్దరూ పొరుగూరివాళ్ళు. పొద్దున్నే సెంటర్ తలుపు తాళం తీస్తుంటే, బోర్డు చూసి ఆగి, ‘చిన్న అనుమానం’ అంటూ వ్యానెక్కించి ఈ మూతపడ్డ గ్యారేజీకి తీసుకొచ్చారు.

గ్రామర్ గారిని చూడగానే కుర్చీలో మనిషి కళ్ళు పెద్దవయ్యాయి.

“దేవుడు దిగొచ్చినట్టు చూస్తున్నాడు వెధవ!” నవ్వాడు గున్న.

“మా దొరకి ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదండీ,” అన్నాడు మొండిచెయ్యి. “మా గోడౌన్ గురించి పోలీసులకి ఎవరో ఉప్పందించారు. ఎవర్ని లేపెయ్యాలో దొర ఫోన్లో చెప్పాడు. మాట మాటా బట్టీ పట్టాను. ‘కిల్ ద బ్రదర్ ఆఫ్ ద బేకర్స్ వైఫ్.’ అంతే.”

“బేకరీ ఆయన భార్యకి తమ్ముడు. అంటే ఆయన బావమరిది,” అన్నారు గ్రామర్ గారు.

“వీడే! బేకరీలోనే పట్టుకున్నాం,” అన్నాడు గున్న.

“మరింకేమిటి అనుమానం?”

మొండిచెయ్యి తన కుడిచెయ్యి చూపించాడు. రెండు వేళ్ళు లేవు.

“ఇదండీ. పోయినసారి ‘బర్న్ ద ఫ్రెండ్ ఆఫ్ ద డ్రైవర్స్ కార్’ అన్నాడు. డ్రైవర్ కారు తగలబెట్టొచ్చాం. కాదట. డ్రైవర్ స్నేహితుడి కారట. ఆ చివర ‘స్’ అనేది డ్రైవర్‌ది కాదట, ముందున్న మాటలన్నిటికీ కలిపి ఒకటే తోకట. ఆ సంగతి చెబుతూనే వేళ్ళు తీసేశాడు. ఇప్పుడిది కూడా ఆ బాపతేనేమోనని...”

“ఫోన్ చేసి అడగొచ్చుగా?”

“రెండోసారి అడిగినవాడికి ఇప్పుడు నాలుక లేదండీ.”

గ్రామర్ గారు లెక్క చూసుకున్నారు. దొర మాట తీరు తేటతెల్లమైపోయింది. తోక మొత్తానికీ తగిలిస్తే, ‘బ్రదర్ ఆఫ్ ద బేకర్’ ఒక ముక్క. ఆ బ్రదర్ గారి వైఫ్. అంటే దొర కోరింది ఈ కుర్చీలో ఉన్న ప్రాణం కాదు. ఆ మాట పైకంటే ఇతను కుంటుకుంటూనైనా ఇంటికి పోతాడు. బదులుగా ఇంకొకరు పోతారు. ప్రాణానికి ప్రాణం. తూకం సరిగ్గానే ఉంది. ఏ పళ్ళెం దించాలన్నదే మిగిలింది.

ఈలోగా మొండిచెయ్యి తనంతట తనే అక్కడిదాకా వచ్చేశాడు.

“అంటే గ్రామర్ గారూ, బేకరీ ఆయన తమ్ముడి పెళ్ళాం అని కూడా అవ్వచ్చా?”

కుర్చీ ఎగిరిపడింది. కట్టేసిన మనిషి గడ్డం ఎత్తి ఎత్తి గ్రామర్ గారి వైపే చూపిస్తూ, గుడ్డలోంచి ఏదో మొత్తుకుంటున్నాడు. గున్న రాడ్డు ఈసారి పక్కటెముకల మీద దిగింది. లోపల ఏదో పుటుక్కుమంది.

“గ్రామర్ గారి కాళ్ళు పట్టుకుంటానంటున్నాడు!”

“ఏదో చెబుతున్నాడ్రా. గుడ్డ తీసి చూద్దామా?” అన్నాడు మొండిచెయ్యి.

“చావబోయేవాడు ఎవరి పేరైనా చెబుతాడు,” అన్నారు గ్రామర్ గారు. “నన్నడిగారు కాబట్టి నా మాట వినండి. కారుకి స్నేహితులుంటారా?”

“కారుకా? ఉండరు.”

“అందుకే అక్కడ తోక వెనక్కి పోయి స్నేహితుడికి తగిలింది. మరి భార్యకి తమ్ముళ్ళుంటారా?”

“ఎందుకుండరూ! మా ఆవిడకి ముగ్గురు. ముగ్గురూ నా ఇంట్లోనే మేస్తున్నారు,” అన్నాడు గున్న.

“అర్థం దగ్గర్లోనే కుదిరినప్పుడు దూరం పోనక్కర్లేదు. అదీగాక, ఆడమనిషి సంగతైతే ‘వైఫ్’ అన్న మాట ముందే వచ్చేది. మీ దొర ముందు ‘బ్రదర్’ అన్నాడు. చంపాల్సింది మగాణ్ణే.”

మొండిచెయ్యి తన చేతికేసి ఒకసారి, గ్రామర్ గారికేసి ఒకసారి చూశాడు.

“గ్యారంటీయేనా?”

“ఇంగ్లీషు నా అన్నం.”

“అయినా ఇప్పుడా తమ్ముడి పెళ్ళాం ఎవరో ఏమిటో, ఊరంతా ఎక్కడ వెతుకుతాంరా? చేతిలో ఉన్నవాణ్ణి వదిలేసి!” విసుక్కున్నాడు గున్న.

అక్కడితో బేరం కుదిరిపోయింది.

గ్రామర్ గారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. మొదటి దెబ్బకి కుర్చీ పక్కకి ఒరిగింది. రెండో దెబ్బకి గుడ్డలోంచి వస్తున్న మూలుగు ఆగిపోయింది. గున్న అక్కడితో ఆపలేదు. పచ్చికొబ్బరి చిప్ప పగిలినట్టు చప్పుడైంది. పాత గ్రీజు మరకల మీదుగా నెత్తురు పాకుతూ వచ్చి చెప్పుల్ని తాకితే, గ్రామర్ గారు ఒక్క అడుగు పక్కకి జరిగారు. అంతే.

వ్యాను సందు మొగలో దింపింది. “మీరు లేకపోతే మిగతా వేళ్ళు కూడా పోయేవి,” అని మొండిచెయ్యి రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

చెప్పులు మట్టిలో బాగా రుద్ది, ఊపిరి సర్దుకుని, గ్రామర్ గారు మేడమీద ఇంటికి మెట్లెక్కుతున్నారు.

“ఏమ్మా మరదలా, మా తమ్ముణ్ణి నిద్రలేపి పిండి కలపడానికి పంపించు, నా బావమరిది ఎక్కడ చచ్చాడో పొద్దున్నుంచీ పత్తా లేడు!” అని కింద బేకరీలోంచి కేక వినిపించింది.