తెగిన లింకులు

"వెళ్ళకు విసాల్. మునగనీ ఆ ప్రొఫెసర్ని!" అక్క రౌదా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మధ్యాహ్నం రెండింటికి ఆయన కొత్త పుస్తకాన్ని చూడ్డానికి బహుమతి కమిటీ వస్తోందట. నోట్స్‌లో ఒక్క లింకూ తెరుచుకోవడం లేదట."

"నువ్వు రాసిన మొదటి పుస్తకం తన పేరుతో వేసుకున్నాడు. నోరెత్తలేదు. మళ్ళీ మూడేళ్ళు వాడి దగ్గరే చాకిరీ చేశావు. రెండోదీ మింగేసి నిన్ను గెంటేశాడు. సిగ్గులేదుటే నీకు?"

"లేదనుకో," అంటూ విసాల్ చెప్పులేసుకుంది.

ట్యూనిస్ పాతబస్తీలో ఎర్ర టోపీలు చేసేవాళ్ళ చరిత్రంతా ప్రొఫెసర్ మొంజీ కంప్యూటర్లో ఉంది. రెండువేల పాత కాగితాల స్కాన్లు, వాటిమీద విసాల్ రాసిన నోట్స్. ఏ మాట నొక్కినా దాని ఆధారం తెరుచుకునేది. ఆయన స్కాన్లన్నీ కొత్త డిస్కులోకి మార్చి, తనకు తోచిన పేర్లు పెట్టాడు. దాంతో లింకులన్నీ తెగిపోయాయి.

"రా తల్లీ! ఏది నొక్కినా ఫైలు లేదంటోంది."

"ఫైళ్ళు ఇల్లు మారాయి ప్రొఫెసర్ గారూ. నోట్స్ ఇంకా పాత ఇంటి తలుపే కొడుతున్నాయి."

"ఎంతసేపు పడుతుంది?"

"కొత్త చిరునామా ఇస్తే చాలావరకు దొరుకుతాయి. మీరు పేర్లు మార్చినవి మాత్రం ఒక్కొక్కటే తెరిచి కలపాలి."

మొంజీ ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. "ఏదో తప్పు కాగితం తగిలించి నా పరువు తీయవు కదా?"

"మీరే చూసుకోండి."

ఒంటిగంటన్నరకు పని పూర్తయింది. ఆయన ఇక్కడోటి, అక్కడోటి నొక్కి చూశాడు. అన్నీ సరిగ్గానే తెరుచుకున్నాయి.

"నీకు పౌరుషం లేదు విసాల్. అదే నీలో మంచి గుణం!" అని పకపకా నవ్వాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది. "కమిటీ వెళ్ళేదాకా ఉంటాను. ఏదైనా మొరాయిస్తే చూస్తాను," అంది.

కమిటీ అధ్యక్షురాలు మునీరా చురుకైన చూపున్న ముసలావిడ. నలభై లింకులు తెరిచి చూసింది. ఒకదాని దగ్గర ఆగింది.

"టోపీ పనివాడి భార్య రాసిన ఉత్తరం. రెండువందల ఏళ్ళ కిందటిది. మీ పుస్తకమంతా దీనిమీదే నిలబడింది. ఎవరికి దొరికింది?"

మొంజీ విసాల్ వైపు చూడనైనా లేదు. "నాకేనండీ. టోపీల బజారు వెనక ఓ పాడుబడ్డ ఇంటి అటకమీద. నా చేతుల్తో దుమ్ము దులిపి తీశాను. ఈ అమ్మాయికి ఆ సంగతే తెలీదు."

"కాగితం, సిరా పరీక్షకు పంపుతాం."

"నిక్షేపంగా పంపండి."

"అయితే మీకే దొరికిందని రాసి సంతకం పెట్టండి."

మొంజీ పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు. విసాల్ తల వంచుకుని నిలబడింది.

ఆ ఉత్తరం రాసింది విసాల్, తన మొదటి పుస్తకం పోయిన ఏడాది.