చెమట వైద్యం

"నీ మొగునికి పిచ్చి పట్టిందని ఊరంతా అనుకుంటాండారు కృపమణీ. ఇప్పుడు సర్కారుకూ తెలిసిపోయింది," అన్నాడు మునసబు దేవేంద్రప్ప, చేతిలో కాగితం ఆడిస్తూ.

గుడిసె ముందు నిలబడిన కృపమణి లోపలికి తొంగి చూసింది. లోపల ఆమె మొగుడు లేవి గోడకేసి ముఖం పెట్టి కూర్చున్నాడు. జర్మనీ యుద్ధానికని సిపాయిగా దూరదేశం బస్రా పోయి, జబ్బు సెలవు మీద తిరిగొచ్చి రెండు నెలలైంది. అప్పటినుంచీ అదే గోడ. పెడితే రెండు ముద్దలు తింటాడు, పెట్టకపోతే అడగడు. నిన్న బాట వేసేవాళ్లు బండకు మందు పెట్టి పేల్చితే, ఆ చప్పుడుకు మంచం కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

"కాగితంలో ఏముండాది సామీ?"

"వచ్చే నెలాఖరుకు కర్నూలుకు మిలిటరీ డాక్టరు దొర వస్తాడంట. నీ మొగుని బుద్ధి స్థిమితంగా ఉండాదా లేదా చూస్తాడంట."

"లేకుంటే?"

"లేకుంటే ఏముండాది? మద్రాసు పిచ్చాసుపత్రి. ఆడికి పోయినోల్లు మళ్లా వచ్చింది నేనైతే చూల్లేదు."

ఆ మధ్యాహ్నమే కృపమణి కోడుమూరు దవాఖానాకు పరుగెత్తింది. అక్కడి కాంపౌండరు ప్రకాశం వాళ్ల చర్చివాడే. అంతా విని, సీసాల వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీనికి మందు లేదక్కా. ఒకటి చెప్తా విను. చెమట పట్టేదాకా నడిపించు. రోజూ. ఒక పొద్దు గూడా మానొద్దు. ఒళ్లు కదిలితే లోపలి బరువు కొంచెం కొంచెం దిగుతాది."

"ఇంతేనా?"

"ఇంతే. గానీ మాత్ర మింగించినంత సులువు గాదు."

నిజంగానే సులువు కాలేదు. మొదటి రోజు తెల్లవారకముందే చెయ్యి పట్టి లేపితే, లేవి గుంజ పట్టుకుని వదల్లేదు.

"నన్నిడిసిపెట్టు."

"ఇడిసేది లేదు. నిన్ను మద్రాసుకు పంపి నేను ఎవురి మొగం చూసుకోని బతకల్ల?"

వీధి చివరిదాకా ఈడ్చుకుపోయి తీసుకొచ్చేసరికి ఆమెకే చెమట పట్టింది. బావి దగ్గర ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. "ఎద్దును మేపను తోలుకపోయినట్ల పోతాంది సూడే!" కృపమణి విననట్టే వచ్చేసింది. ఆ రోజంతా నొప్పి కాళ్లతోనే చేలో కలుపు తీసింది.

వారం తిరిగేసరికి హంద్రి ఏటి ఒడ్డుదాకా పోయారు. ఆ తర్వాత ఎండిన ఏటి ఇసుకలోకి దిగి పరుగెత్తించడం మొదలుపెట్టింది. ముందు ఆమె, వెనుక అతను. పిక్కలదాకా దిగబడే ఇసుక. పందొమ్మిదో రోజు కృపమణి కాలు మడతపడి బోర్లా పడింది. నోటినిండా ఇసుక. ఉమ్ముకుంటూ ఉంటే వెనుక ఏదో వింత చప్పుడు వినిపించింది. తిరిగి చూసింది.

లేవి నవ్వుతున్నాడు.

ఆమె అక్కడే పడి ఏడ్చేసింది. అతను గబగబా వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏమాయ? కాలు బెణికిందా?"

"ఏం గాలేదప్పా. ఇంగోసారి నవ్వు."

ఆ మర్నాటినుంచి అతనే ఆమెను లేపాడు. ఏట్లో పరుగు, ఒడ్డున రాతిగుండు ఎత్తడం, సాయంత్రాలు చర్చి వెనుక మగవాళ్లతో చెడుగుడు. అన్నం అడిగి పెట్టించుకున్నాడు. మళ్లీ ఒకరోజు బండ పేలితే అతను ఉలిక్కిపడ్డాడు గానీ మంచం కిందికి పోలేదు. లేచి వీధిలో రెండు చుట్లు గట్టిగా నడిచొచ్చి, "పప్పు ఇంకొంచెం వెయ్యి," అన్నాడు.

నెలాఖరుకు కర్నూలు పోయారు. మైదానంలో డేరా వేసి ఉంది. లోపల డాక్టరు దొర, పక్కన దొర మాటలు తెలుగులో విప్పి చెప్పే గుమాస్తా. దొర లేవిని నిలబెట్టి కళ్లు చూశాడు, నాడి చూశాడు. ఉన్నట్టుండి రేకు పళ్లెం ఒకటి నేలకేసి కొట్టాడు. లేవి భుజాలు అదిరాయి. కానీ నిలబడ్డాడు. వంగి ఆ పళ్లెం తీసి బల్ల మీద పెట్టాడు కూడా.

"రాత్రిల్లు నిద్ర పోతాడా అని అడుగుతాండాడు దొర," అన్నాడు గుమాస్తా.

లేవి నోరు తెరవబోయాడు. కృపమణి ఆగలేకపోయింది. "గురక పెట్టి పోతాడు సామీ! పొద్దున్నే హంద్రి ఇసకలో పరిగెత్తుతాడు. గుండు ఎత్తుతాడు. ఆరుమంది పట్టుకున్నా చెడుగుడులో గీత దాటొస్తాడు. నవ్వుతాడు సామీ, శానా నవ్వుతాడు!"

లేవి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. సంతోషమనుకుంది ఆమె. ఇంకా నాలుగు మాటలు చెప్పింది.

దొర మెచ్చుకోలుగా తల ఊపి కాగితం మీద రాశాడు.

"పిచ్చి లేదు గదా సామీ? మద్రాసు పంపరు గదా?"

"పిచ్చి యాడిదమ్మా? నిక్షేపంగా ఉండాడని రాసినాడు."

కృపమణి రెండు చేతులూ జోడించి దేవునికి స్తోత్రం చెప్పుకుంది. కళ్లు తుడుచుకుంటూ మొగుని వైపు తిరిగింది. "పా అప్పా, ఇంటికి పోదాం."

లేవి కదల్లేదు.

గుమాస్తా కాగితం మీద ముద్ర గుద్దుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "నువ్వు పో తల్లీ. ఈయప్ప సాయంత్రం రైలుకు మళ్లా యుద్ధానికి పోవల్ల. పిచ్చోడయ్యుంటే మద్రాసుకు గాదు, నీతోనే ఇంటికి పంపేటోల్లు."