ఈ పడుగు అయిపోనీ

“గంగాధర ఈ ఏడు కూడా పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టినాడంట. ఏటేటా సర్కారుకు చందా ఇచ్చేటోడు ధర్మవరం మొత్తంలో ఆయప్ప ఒక్కడే” అని వెంకటలక్ష్మమ్మ కొళాయి కాడ అన్నదట. పక్కింటి ఖైరున్‌బీ ఆ మాటను నీళ్ళ బిందెతో పాటే మోసుకొచ్చి, మగ్గం గుంటలో కూర్చున్న గంగాధర చెవిన వేసింది.

“అందరూ నవ్వినారా?” అన్నాడు గంగాధర.

“నవ్వకుండా ఉంటారా అన్నా? నేనూ నవ్వినా.”

తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. పెళ్ళి మాటలప్పుడు పెనుకొండలో మామ తిమ్మరాజు “ఏం చదివినావు నాయనా?” అంటే, “పది తప్పింది మామా, ఉగాదికల్లా పాసైపోతా” అని గంగాధర మాటిచ్చాడు. ఏ ఉగాదికో చెప్పలేదు. అప్పటినుంచీ అత్తగారింటికి పోతే చాలు, విస్తరి ముందు కూర్చోబెట్టి మామ అదే అడిగేవాడు. ఆ ప్రశ్నకు జడిసి గంగాధర పెనుకొండ పోవడమే మానుకున్నాడు.

చదవలేదని కాదు. చెవులతో చదివాడు. నేతగాడి కాళ్ళు గుంటలో తొక్కుడు కర్రల మీద, చేతులు పోగును అటూ ఇటూ పోనిచ్చే నాడె మీద ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులే. అందుకని భార్య పుష్పావతి ఎదురుగా కూర్చుని పాఠాలు పైకి చదివేది. తొమ్మిదితో బడి మానిన మనిషి ఆమె. లెక్కలొచ్చేసరికి, “నా చేతులు ఖాళీ లేవు గానీ, నువ్వే చేసి చూపించు” అనేవాడు. ఆమె పలక మీద చేసి చూపించేది. తప్పు పోతే “సరిగ్గా చెయ్యి” అని గదమాయించేవాడు కూడా.

తీరా మార్చి వచ్చేసరికి, “ఈ పడుగు అయిపోనీ పుష్పా. మగ్గానికెక్కిన పోగుల్లో మూడు చీరలు దించి, పట్టు అంగడి సేటుకు ఇచ్చేసి వచ్చే ఏడు రాస్తా” అనేవాడు. పోయినేడు ఆ మాట అనగానే పుష్పావతి సంచీ సర్దుకుంది. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులని పెనుకొండకు పోయి పదిరోజులుండి వచ్చింది. అలిగిపోయిందనుకున్నాడు గంగాధర.

ఈసారీ హాల్‌టికెట్ వచ్చింది. ప్రైవేటుగా కట్టినవాళ్ళందరికీ ఎప్పటిలాగే పెనుకొండే సెంటరు. పరీక్ష రేపనగా కూడా గంగాధర మగ్గం దిగలేదు.

“పుష్పా, సేటు చీర సగంలో ఉండాది. పెండ్లి చీర. ఈ పడుగు...”

మాట పూర్తి కాలేదు. పుష్పావతి వంగి, అతని చేతిలోని నాడె లాక్కుని, కొంగున ముడివేసుకుని గడప మీద కూర్చుంది.

“ఇయ్యే!”

“ఇస్తా. పరీక్ష రాసొచ్చి తీసుకో.”

“సేటు అరుస్తాడే!”

“నేనూ అరుస్తా.”

“నాకేమీ రాదే!”

“తొమ్మిదేండ్లు చదివి వినిపిస్తి. గోడకు చెప్పింటే గోడైనా పాసైపోయుండు.”

“నాడె ఇయ్యొద్దు పుష్పక్కా!” అని పక్కింట్లోంచి ఖైరున్‌బీ కేకేసింది.

తెల్లారి పుష్పావతే స్టేషనుకు తీసుకుపోయి ప్యాసింజరు ఎక్కించింది. “మొదటి గంటకే లోపలుండు. పేపరు రెండుసార్లు చదువుకో. తెలిసిన లెక్కలు ముందర చెయ్యి. కిటికీ పక్కన కూర్చోబెడితే గాలికి కాగితాలు ఎగురుతాయి, అట్ట మరిచిపోవద్దు.”

“ఇవన్నీ నీకెట్ల తెలుసే?”

“మా ఊరు కదా.”

బండి కూత వేయగానే గంగాధర దిగిపోదామని తలుపు దాకా వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఆమె నడుమున చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మళ్ళీ పోయి కూర్చున్నాడు.

పరీక్షలన్నాళ్ళూ మామ ఇంట్లోనే మకాం. విచిత్రం, ఈసారి మామ ఒక్క ప్రశ్న అడగలేదు. రోజూ కోడిగుడ్డు పెట్టించాడు. అత్తగారు మిద్దెమెట్లు చకచకా ఎక్కి దిగుతూ ఉంటే, నొప్పులు భలే తగ్గినాయే అనుకున్నాడు.

ఫలితాలు పేపర్లో పడ్డ పొద్దు, ఖాజాసాబ్ టీ అంగట్లో గంగాధర కండ్లు మూసుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

“నువ్వే చూడు ఖాజాసాబ్. పైనుంచి వద్దు, కిందనుంచి రా.”

ఖాజాసాబ్ వేలు పెట్టి వెతికాడు. వేలు ఆగింది. “ఉండాదప్పా! థర్డు క్లాసులో నీ నంబరు ఉండాది!”

గంగాధర బెంచీ మీదినుంచి ఎగిరి ఖాజాసాబ్‌ను వాటేసుకున్నాడు. టీ ఒలికింది, పేపరు తడిసింది, నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. పెండ్లి ముగించుకుని పోతున్న డప్పులవాళ్ళను ఆపి ముందు నడిపించాడు. నేతవీధి అంతా వెంటపడింది. మగ్గాల మీదినుంచి జనం దిగి వచ్చారు. వెంకటలక్ష్మమ్మ బిందె పక్కన పెట్టి హారతిచ్చింది.

గంగాధర తన ఇంటి అరుగెక్కాడు.

“చూడండప్పా! మనిషన్నాక ఒకటి అనుకుంటే ఆ దినమే చేయల్ల! రేపు, ఎల్లుండి అంటా కూర్చుంటే యాడ అయితాది? నన్ను చూసి నేర్చుకోండి!”

జనం ఈలలేశారు. పుష్పావతి నవ్వుతూ అందరికీ బూందీ పంచుతోంది. గంగాధరకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

“ఏమే పుష్పా! తొమ్మిదితో ఆపేసి ఇంకా ఎన్నాళ్ళుంటావు? వచ్చే మార్చికి నువ్వూ కట్టు. లెక్కలంటే భయపడొద్దు. నేనుండా కదా, నేర్పిస్తా!”

డప్పులు ఆగాయి. వీధి వీధంతా ఆమె వైపు తిరిగింది. పుష్పావతి వెంకటలక్ష్మమ్మ దోసిట్లో బూందీ పోసి, చేతులు దులుపుకుంది.

“నేను పోయినేడే ఫస్టు క్లాసులో పాసైనా.”